మోత లేని పికప్పు

కేసముద్రం,
12-4-1986

పూజ్యులైన లక్ష్మీకాంత్ బావ గారికి, బావమరిది విద్యాసాగర్ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం కులాసా, నా గిటారు తప్ప.

దాన్ని కరెంటుకు తగిలిస్తే చాలు, పక్క వీధిలో పిండిగిర్ని ఆడుతున్నట్టు ఒకటే మోత. మా ఆర్కెస్ట్రా పెద్ద, పాటలు పాడే దేవదాసు సారు నిన్న అందరి ముందూ తేల్చేశారు. "పెండ్లి లోపు గీ మోత బందు గావాలె. లేకుంటె నీ జాగల క్లారినెట్ హీర్యాను పెట్టుకుంట" అన్నారు. మే పద్నాలుగున మానుకోటలో పెళ్ళి. ఆర్కెస్ట్రా పోతే నాకు మిగిలేది మార్కెట్ యార్డులో గుమస్తాగిరీ ఒక్కటే. రేడియోలు బాగుచేసే చేయి మీది, ఏదైనా దారి చూపండి.

మీ విద్యాసాగర్

తా.క.: ఈ ఉత్తరం రాజమణి అక్కకు చూపించకండి. గిటారు అమ్మేశానని చెప్పి ఉన్నాను.

జనగామ,
17-4-1986

చి. విద్యాసాగర్‌కు ఆశీస్సులు.

తప్పు గిటారుది కాదు, తీగెల కింద ఉండే పికప్పులది. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగె చుట్టిన డబ్బీలవి. నీవి ఒంటి చుట్టువి కాబట్టి పాటతోపాటు కరెంటు మోతనూ పట్టుకుంటాయి. కొత్తగా ఒంటి చుట్టువే వేస్తే పలుకు సన్నగా, గంటలా ఉంటుంది కానీ మోత పోదు. జంట చుట్టువి వేస్తే మోత పోతుంది, పలుకు లావవుతుంది. ఏది కావాలో తేల్చి రాయి.

మీ బావ

తా.క.: నీ ఉత్తరం విప్పింది మీ అక్కే.

కేసముద్రం,
22-4-1986

బావ గారికి నమస్కారాలు.

మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. నాకు గంటలాంటి పలుకే ఇష్టం. తబలా దస్రు లావుదే తీసుకొమ్మంటాడు. దేవదాసు సారు తనకు పలుకుతో పనిలేదు, మోత ఆగితే చాలన్నారు. గుమస్తాగిరీ గుర్తొచ్చి మనసు చంపుకున్నాను. జంట చుట్టువే పంపండి.

మీ విద్యాసాగర్

తా.క.: అక్క కోపం తగ్గిందా? తగ్గకపోతే పార్సిల్ మాత్రమే పంపండి, ఆమెను పంపకండి.

కేసముద్రం,
4-5-1986

బావ గారికి నమస్కారాలు.

పికప్పులు అందాయి, బిగించాను. మోత పూర్తిగా పోయింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ తర్వాత సారు పాట మొదలుపెట్టారు, మొదటి చరణానికే గొంతు ఎటో పోయింది. మళ్ళీ పాడితే ఇంకో దిక్కుకు పోయింది. "గీ కొత్త డబ్బీలే నన్ను ఆగం జేస్తున్నయి" అని కోప్పడి హీర్యాకు కబురుపెట్టారు. మోత ఉంటే తప్పు, పోతే తప్పు. నేనేం చేయాలి బావా?

మీ విద్యాసాగర్

తా.క.: మరలు బిగించాను, వదులు చేశాను. ఆయన గొంతుకు మాత్రం మర ఎక్కడా కనబడలేదు.

జనగామ,
8-5-1986

చి. విద్యాసాగర్‌కు ఆశీస్సులు.

ఆ పికప్పులను మీటరు పెట్టి చూసే పంపాను. వాటిలో ఏ లోపమూ లేదు. నమ్మకం లేకపోతే పాతవి మళ్ళీ బిగించి ఆయన చేత పాడించు. తేడా నీకే తెలుస్తుంది.

మీ బావ

తా.క.: నా దుకాణానికి వచ్చే రేడియోలు ఇన్ని ప్రశ్నలు అడగవు.

కేసముద్రం,
16-5-1986

బావ గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే పాతవి బిగించాను. మోత మొదలవగానే సారు కళ్ళు మూసుకుని పాట అందుకున్నారు. గొంతు ఒక్క మెట్టు కూడా జారలేదు. నాలుగేళ్ళుగా ఆయన ఆ మోతనే తంబురా శ్రుతిలా పట్టుకుని పాడుతున్నారు బావా. ఆ సంగతి అప్పటిదాకా ఆయనకే తెలియదు.

మానుకోట పెళ్ళిలో నన్ను పక్కకు పిలిచి, నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు లేకుంటె నా పాట లేదు విద్యాసాగర్. గిటారు తగిలించుకొని నిలబడు. తీగెలు మాత్రం ముట్టకు, మోత చెడిపోతది" అన్నారు. మూడు గంటలు అలాగే నిలబడ్డాను. ఆర్కెస్ట్రాలో నా చోటు ఇక శాశ్వతం. సంతోషించాలో ఏడవాలో తెలియక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ విద్యాసాగర్

తా.క.: పెళ్ళికి వచ్చిన మా ఆవిడ ప్రేమలత, "ఇయ్యాల మస్తు వాయించినవ్" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఇదే మొదటి మెచ్చుకోలు. ఏ పాట నచ్చిందని అడగడానికి ధైర్యం చాలలేదు.