టాపర్ నోట్సులో నా చేతిరాత

మంగళవారం, అశోక్ నగర్ హాస్టల్

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. పొద్దున చిక్కడపల్లిలో జిరాక్స్ షాపుకు వెళ్తే, కౌంటర్ మీద ‘టాపర్ నోట్స్’ అని అట్ట వేసిన పుస్తకాల దొంతర కనబడింది. తెరిస్తే లోపల నా చేతిరాత! పోయిన నెల అక్కడే కాపీ తీయించుకున్న నా చరిత్ర నోట్సు.

“అన్నా, ఇది నేను రాసింది. నన్ను అడగకుంట ఎట్ల అమ్ముతున్నవ్?” అన్నాను.

“జర మెల్లగ అక్కా, గిరాకీ ఖరాబైతది,” అన్నాడు షాపాయన.

“నేను టాపర్‌ను కాదు. గ్రూప్స్‌ల రెండుసార్లు ఫెయిలైన!” అని అందరూ వినేలా అరిచాను.

పుస్తకం కొంటున్న అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

“అయినా మంచిగ అర్థమైతుందక్కా,” అంటూ దాన్ని సంచిలో పెట్టుకుంది.

ఇన్నేళ్లలో నాతో ఎవరూ ఆ మాట అనలేదు. అది కూడా ఆ దొంగ షాపులోనే వినాల్సి వచ్చింది.