గోడ పక్కన జిల్లేడు

మాచర్ల క్వారీ కాలనీ నుంచి

అన్నయ్యకు, వదినకు రత్తాలు నమస్కారాలు. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మేమిక్కడ బతికే ఉన్నాం. నా తల పగిలిందని ఎవరైనా చెబితే నమ్మకు. విరిగింది మీ బావ చెయ్యి. అది కూడా అతుక్కుంటుందన్నారు, కంగారుపడకు.

ఇక్కడి ఎండ నాపరాయి మీద పడి కింది నుంచి కూడా కాలుస్తుంది. తిండికి లోటు లేదు, మన సముద్రపు చేపలకే మొహం వాచాం.

జరిగింది చెబుతాను. కాలనీ పక్కనే కోటయ్య అనే రైతు ఇల్లు, పత్తిచేను. ఆయన మందు కొట్టీ కొట్టీ తేనెటీగలన్నీ చచ్చాయి. మా బీరపాదులకు పూలే గాని పిందె లేదు. నా నోటి సంగతి నీకు తెలుసుగా. "నీ కొంపలో జిల్లేళ్ళు మొలవ!" అని అందరి ముందూ తిట్టాను. తిట్టి మరిచిపోయాను.

తర్వాత రిటైరైన సైన్సు మాస్టారొకాయన వచ్చి, తేనెటీగలు తిరిగి రావాలంటే ఈ నేలలో పుట్టిన పూలే పెట్టండన్నాడు. సెలవు రోజుల్లో ఆడవాళ్ళం ఎనిమిదిమందిమి కూలి లేకుండా బంజరు తవ్వి తంగేడు, తుమ్మి, ఉత్తరేణి పెట్టాం. పిచ్చిమొక్కలకు నీళ్ళేంటని ఊరంతా నవ్వింది. జిల్లేడు మీద తుమ్మెదలు బాగా వాలతాయని మాస్టారంటే, కోటయ్య గోడ పక్కన నా చేత్తోనే నాటాను. బుద్ధి గడ్డి తిన్నది.

ఈ ఏడు ఆయన పత్తి తెల్లదోమకు మాడిపోయింది. మూడు వారాల కింద ఆదివారం మేం నీళ్ళు పోస్తుంటే గొడ్డలితో వచ్చాడు.

"ఏందే, నా కొంపలో జిల్లేళ్ళు మొలవాలంటివి. ఇయ్యాల మొలిపించావు గదే!"

మొక్కలన్నీ నరికాడు. అడ్డొచ్చిన మాస్టారిని తన్నాడు. గొడ్డలి నా మీదికి తిప్పితే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. దాని కర్ర కామ తగిలి ఎముక పుటుక్కుమంది. నేను రాయి తీసి కొట్టాను. కోటయ్య నుదురు చీలి కళ్ళల్లోకి రక్తం కారింది. ఇంకో రాయి కూడా తీశానన్నయ్యా, ఆడవాళ్ళు లాక్కున్నారు. నా మీద నాకే భయమేసింది.

పెద్దమనుషులు రాజీ చేశారు. జిల్లేడు వేళ్ళతో సహా నేనే తవ్వేశాను. కోటయ్య కట్టు కట్టుకుని నిలబడి చూశాడు.

"మళ్ళా నా గోడ కాడ మొలిచిందా, నిన్ను ఆడనే పాతిపెడతా."

బావ ఆ మాట విన్నాడు. "సమ్మెట ఎత్తే బలం రానీ, ఎవురు ఎవుర్ని పాతిపెడతారో చూద్దాం" అన్నాడు. ఆయన అంటే చేస్తాడు.

మమ్మల్ని వచ్చేయమని రాశావు. మేం రాం. ఒక తంగేడు బతికింది, దాని మీద తేనెటీగలు వాలుతున్నాయి. ఇటు ఎవరైనా వస్తే ఎండు రొయ్యలు పంపు.

కానీ జిల్లేడు వేరుముక్క మిగిలినా మొలుస్తుంది. రోజూ తెల్లారగానే వెళ్ళి ఆ గుంట చూస్తున్నాను. ఇవాళ రెండు లేతాకులు కనిపించాయి. ఎవరూ చూడకముందే గిల్లేశాను. పాల జిగురు ఎంత కడిగినా పోలేదు, ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను.

అమ్మ కాళ్ళకు నా దండం చెప్పు. పిల్లాపాపలతో చల్లగా ఉండమని తర్వాత దీవించవచ్చు. ముందు ఆ జిల్లేడు మొలవకూడదని దీవించమను.

నోరు జారిన నీ చెల్లెలు,
రత్తాలు