పడినవాడి కోసం వెనక్కి పోయేవాడు

రాప్తాడు,
బుధవారం.

తిప్పేష్ నాయనకు నల్లమ్మ నమస్కారం చేసి రాసేది.

ఇక్కడ నేనూ, మన పిల్లోడూ, వాడి టీమూ అందరం సుఖంగా ఉన్నాము. అక్కడ నువ్వూ, మందా, కుక్కలు రెండూ బాగున్నారని తలుస్తాను. నీ చీటీని గంగప్పన్న తెచ్చి ఇచ్చినాడు. ఎల్లుండి ఆయన రాగిపిండీ, గొర్రెల మందులూ తీసుకుని మళ్లీ నీ దగ్గరికి వస్తున్నాడు. ఈ కాగితం ఆ పిండి సంచిలోనే పెడుతున్నాను. ఆ కర్నూలు కాలువ కింద పొలాల్లో నీ ఫోన్‌కు సిగ్నలు దొరకదు. దొరికినా నువ్వు "ఊ, సరే, పెట్టేయ్" అని తప్ప మాట్లాడవు. కాగితమైతే నా మాటకు అడ్డం రాలేవు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. నా మోకాలి నొప్పి తగ్గింది. ఇల్లు హైవే పక్కనే. కింద టైర్ల అంగడి, పైన మేము. లారీ పోయినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమంటాయి. పాత వంటమనిషి మానేసినాక రెండు నెలలు వండిపెట్టమని టీమును చూసుకునే భారతి మేడం అడిగితే వచ్చినాను గానీ, ఇప్పుడు పొమ్మన్నా పోబుద్ధి కావడం లేదు. సంగటి తింటారా అని అడిగినావు. మొదట్లో మధ్యాహ్నం చేసినాను. తిన్న నలుగురూ ఆటలో కూర్చుని ఆవులించినారు. అప్పటి నుంచి ఆట అయిపోయినాకనే సంగటి అని మేడం గోడ మీద కాగితం అతికించింది.

ఎవరు ఎవరిని కాలుస్తారు, పోలీసులు ఏమీ అనరా అని కూడా రాసినావు. ఆ ముక్క చదివి వినిపిస్తే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వినారు. నువ్వే కాదు, నాకూ మొదట ఏమీ తెలియలేదు. అంతా ఫోన్ తెర మీదే. ఒక దీవి ఉంటుంది. పదహారు టీములు, టీముకు నలుగురు, విమానంలో నుంచి దాని మీదికి దూకుతారు. చుట్టూ ఒక నీలి గీత మూసుకుంటూ వస్తుంది. దాని బయట ఉంటే చావే. లోపల ఒకరినొకరు కాల్చుకుని, కడకు ఏ టీము మిగిలితే దానిది గెలుపు. తూటా తగిలినవాడు వెంటనే చావడు. కింద పడి పాకుతాడు. ఆ లోపల తోటివాడు వచ్చి పక్కన కూర్చుని లేపితే మళ్లీ ఆడొచ్చు. ఈ ముక్క బాగా గుర్తు పెట్టుకో.

మన టీము పేరు ఎర్రదుమ్ము. పేరు చూసి బెంగళూరోళ్లు నవ్వినారంట, ఇప్పుడు నవ్వడం లేదు. కెప్టెన్ శశికుమార్, ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ల పిల్లోడు. ఎవరు యాడ నిలబడాల్నో చెప్పేది వాడే. పక్కన తూటాలు కురుస్తున్నా గొంతు పెంచడు. జాయ్‌ది అనంతపురం. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజులు దూరం నుంచి గురి చూసి కొడతాడు. గంగాధర్‌ది కళ్యాణదుర్గం. ఏ ఇంట్లోకైనా ముందర దూరేది వాడే. ఆటలో అంత ధైర్యం, ఇక్కడ గోడ మీద బల్లి కనపడితే మంచమెక్కి "పెద్దమ్మా!" అని అరుస్తాడు. నాలుగోవాడు మనవాడు. వీళ్లందరి మీదా భారతి మేడం కోచ్. ఇరవై ఎనిమిదేండ్లు కూడా లేవు, తానూ ఇదే ఆట ఆడి వచ్చింది. ఆడిన ఆటనంతా మళ్లీ వేసి చూపిస్తూ, ఎవరు ఎక్కడ తప్పు చేసినారో నోటుబుక్కు తీసి చెబుతుంది. ఒక్కరూ ఎదురు మాట్లాడరు.

వీళ్లు ఆటలో అరుచుకునేది మన మాటల్లోనే. "ఆడుండాడప్పా, బండెనకాల!" "యాడ్రా?" "ఈడ, ఈడ, నీ పక్కనే!" వినడానికి మన మంద తోలుకుపోతున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు నీ దగ్గర దాచిన సంగతికి వస్తాను. లీగ్ నాలుగు వారాలు. పదహారు టీముల్లో మొదటి ఆరు టీములే ఫైనల్‌కు పోతాయి. గంగప్పన్నతో రెండుసార్లు "బాగా ఆడుతున్నారు" అని నీకు చెప్పి పంపించినాను. అది అబద్ధం. మొదటి వారం పద్నాలుగో చోట ఉండినారు. రెండో వారానికి పదిహేను. లీగ్ అయిపోతూనే తిప్పేష్‌ను మీ అన్న బోర్లు వేసే బండి మీదికి పనికి పంపించమని నువ్వు రాసినావు కదా. ఓడిపోతున్నారని తెలిస్తే అంతదాకా కూడా ఆగవని చెప్పలేదు.

ఓటమికి కారణం మనవాడే. మేడం లెక్క తీసి చూపించింది. ఎవరు కింద పడినా వీడు తుపాకీ పక్కన పెట్టి లేపడానికి వెనక్కి పరుగెత్తేది. అవతలోళ్లు దాన్ని కనిపెట్టేసినారు. పడినవాణ్ణి చంపకుండా అలాగే పాకనిచ్చి, వీడి కోసం కాచుకుని, వచ్చినాక ఇద్దరినీ కొట్టేవాళ్లు. పన్నెండు ఆటల్లో ఏడుసార్లు అట్లే పోయినాడు. "తిప్పేష్, ఇడిసిపెట్టి ముందుకు పో" అని మేడం ఎన్నిసార్లు చెప్పినా తల ఊపేది, ఆటలో మళ్లీ అదే పని. కడకు మూడో వారం వాణ్ణి పక్కన కూర్చోబెడతానని చెప్పేసింది. నలుగురూ అన్నం ముందర తలలు వంచుకుని కూర్చున్నారు.

వాడు ఎందుకు అట్లా పోతాడో నాకు తెలుసనుకున్నాను. అది చెప్పాలంటే నీకు ఏడేండ్ల కిందటి మాట చెప్పాల. కూర్చుని చదువు.

ముదిగుబ్బ కొండ కింద రెండు గొర్రెపిల్లలను తోడేలు ఎత్తుకుపోయిన సాయంత్రం గుర్తుంది కదా. నువ్వు వచ్చి, కాపలా ఎవరు ఉండినారని అడిగితే, తిప్పేష్ "నేనే" అన్నాడు. పన్నెండేండ్లు వాడికి. తాడుతో కొట్టినావు. నలుగురు కాపర్ల ముందర "వీడు మందకు పనికిరాడు" అన్నావు. ఆ తర్వాత వాడి చేతికి కర్ర ఇవ్వలేదు, హాస్టల్‌కు పంపించేసినావు.

కాపలా ఉండింది వాడు కాదు, నేను. ఆ రోజు నాకు జ్వరం. వాణ్ణి నీళ్లకు పంపించి, ఒక్క నిమిషమని బండకు ఒరిగినాను. నిద్ర పట్టేసింది. లేచేసరికి నువ్వు అరుస్తున్నావు, వాడు తల వంచుకుని నిలబడినాడు. నోరు తెరిచి నిజం చెప్పాల్సింది. నీ కోపానికీ, ఆ నలుగురి నోటికీ భయపడి ఊరకున్నాను. వాడి వీపుకు ఆముదం రాసినాను గానీ నిజం చెప్పలేదు. ఇంతకంటే సిగ్గు నాకు లేదు.

కాబట్టి ఆ దెబ్బల భయంతోనే ఎవరినీ వదిలిపెట్టలేకపోతున్నాడని అనుకున్నాను. వంటింట్లోకి పిలిచి, తప్పు నాదిరా అని అంతా చెప్పినాను. చెబుతూ ఏడ్చినాను కూడా. వాడు నా చేతిలోని గరిటె తీసి పక్కన పెట్టినాడు.

"నాకు తెలుసులే మా. నీళ్లు తెచ్చినప్పుడు సూసినా. నువ్వు నిద్రలో ఉంటివి. ఒళ్లు కాలిపోతాండె. లేపబుద్ధి కాలే."

"మరి మీ నాయన అడిగితే నేనే అంటివే?"

"నాయన నిన్ను అంటాడని."

"అయితే ఆటలో ఎందుకురా పోతావు? ఆ భయం గాదా?"

"భయమేంది మా. జాయ్ గాడు 'అన్నా, పడినా' అంటే కాళ్లు వాటంతట అవే తిరుగుతాయి. ఏం జేసేది?"

గిన్నె కడగడానికి వచ్చిన శశికుమార్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. అక్కడి నుంచే మేడంను పిలిచినాడు. "మేడం, వీణ్ణి ఆపొద్దు. వీడు యాడికి పోతాడో అవతలోళ్లకు తెలుసు, ఆడ కాసుకుంటారు. ఆ కాసుకునేటోళ్లను మనం కాసుకుందాం." మేడం నోటుబుక్కులో ఒక పేజీ చింపి కొత్తది తెరిచింది.

మూడో వారం చూడాల్సింది నువ్వు! జాయ్ పడినాడు, మనవాడు ఎప్పటిలాగే వెనక్కి పరుగెత్తినాడు, వాణ్ణి కొట్టడానికి పొదల్లో నుంచి నలుగురు తలలు ఎత్తినారు. ఎడమ పక్క శశికుమార్, కుడి పక్క గంగాధర్ అప్పటికే కాచుకుని ఉన్నారు. నలుగురూ పోయినారు. జాయ్ లేచి నిలబడినాడు. నేను చేతిలో పిండితోనే ఎగిరినాను, కింద టైర్ల అంగడాయన ఏమైందో అని పైకి వచ్చేసినాడు. ఆ వారం ఎనిమిదో చోటికి వచ్చినారు. నాలుగో వారం ఆరు ఆటల్లో రెండు పూర్తిగా గెలిచి, నాలుగో టీముగా ఫైనల్‌కు పోతున్నారు. వ్యాఖ్యానం చెప్పేవాళ్లు మనవాడి గురించి ఇప్పుడు ఏమంటారంటే, ఎర్రదుమ్ములో ఒకణ్ణి పడగొట్టడమంటే తిప్పేష్‌ను పిలిచినట్టే, జాగ్రత్త, అని. అది విన్నప్పుడు నా గుండె ఎంత పొంగిందో రాయడం నాకు చేతకాదు. వాడు నా కొడుకు, నీ కొడుకు.

ఫైనల్ వచ్చే ఆదివారం, బెంగళూరులో. శనివారం పొద్దున బస్సుకు అందరం పోతున్నాము.

నీకు ఇది చెప్పొద్దని వాడు నాతో మాట తీసుకున్నాడు. "నాయనకు చెప్పొద్దు మా, ఈ వయసులో మీకు కొట్లాట ఎందుకు" అన్నాడు. ఆ మాట తప్పి రాస్తున్నాను. ఏడేండ్లు ఆ పేరు వాడు మోసినాడు. ఇంక నేను మోస్తాను. నన్ను ఏమన్నా అను, ఇంటికి వచ్చినాక ఆ కాపర్ల ముందరే అను, తల వంచుకుని వింటాను.

కానీ బోర్ల బండి సంగతి మీ అన్నకు నువ్వే చెప్పుకో, వాణ్ణి పంపించను. ఇంకొక పని కూడా చెయ్. శనివారం పొద్దున ఆరు గంటలకు కాలువ గట్టెక్కి సిగ్నలు దొరికేచోట నిలబడు, నా ఫోన్‌కు చెయ్. వాడికి ఇస్తాను. మందకు పనికిరాడన్న మాట నువ్వు అన్నావు, కాబట్టి నువ్వే వాపసు తీసుకోవాల. అది నేను చెబితే చెల్లదు. "ఊ, సరే" అని మాత్రం పెట్టేయవద్దు.

ఇట్లు,
ఆ సాయంత్రం నిద్రపోయిన
తిప్పేష్ అమ్మ,
నల్లమ్మ.