తెగిన పోగు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే నీ ఫోటోకు దండ వేసి, డిండోలిలోని మన ఇంటి నుంచి ఆటోలో ఆస్పత్రికి వెళ్లాను. నీ నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చిన డాక్టరమ్మ రమ్మని ఫోన్ చేసింది.

చికిత్స మొదలుకాకముందు ఆమె నీ పుండులోంచి తీసిన ముక్కలో కొంత పరిశోధన కోసం అడిగింది. దానివల్ల నీకేమీ లాభం ఉండదని కూడా చెప్పింది. నేను వద్దన్నాను. నువ్వు సంతకం పెడుతూ, "పోగు తెంపి సూడకుండ కొత్త నూలు మగ్గమెక్కిస్తమా బిడ్డా? ఇది గూడ గట్లనే" అన్నావు.

ఆరు వారాలు కరెంటు పెట్టినా నీ గడ్డ కరగలేదు.

గడ్డ కరిగినవాళ్ల ముక్కలనూ, కరగనివాళ్ల ముక్కలనూ పోల్చి, వాటిలో తేడా చూపే గుర్తుల కోసం వెతుకుతున్నారట. అవి దొరికితే రేడియేషన్ ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పొచ్చట. ఇంకా ఏదీ తేలలేదు. "కరిగినవాళ్లవే ఉంటే మాకేం తెలుస్తుంది? మీ నాన్నది కూడా కావాలి" అని డాక్టరమ్మ హిందీలో అంది. నీ ముక్కను ఇంకొన్నేళ్లు దాచుకోవడానికి నా సంతకం అడిగింది.

బమ్రోలిలో నువ్వు నేతపని చేసిన కార్ఖానాలో తోటివాళ్లు నవ్వుతున్నా, కొత్త నూలు వచ్చిన ప్రతిసారీ నువ్వు మూరెడు పోగు లాగి చూసేవాడివి. ఇట్టే తెగిపోయిన పోగులను కార్ఖానా సేఠ్‌కు చూపించాలని చొక్కా జేబులో దాచేవాడివి. బట్టలు ఉతికేటప్పుడు అవి నా చేతికి తగిలేవి.

విసుక్కుంటూ నేను పారేసిన ఆ పోగులన్నీ గుర్తొచ్చాయి బాపూ. సంతకం పెట్టాను.