ఆరీఆరని పొయ్యి

అన్నా,

అశ్రిత క్యాంపు నుంచి వచ్చినప్పటి నుంచీ నీతో మాట్లాడడం లేదని వదిన ఫోన్ చేసింది. ఏమైందో రాస్తున్నాను.

శామీర్‌పేటలో ఆ క్యాంపుకొచ్చే బడిపిల్లలకు ఆపదలో మంట వేసుకోవడం నేర్పేది నేనే. నీ కూతురు చురుకైనది. చెప్పకముందే జుట్టు ముడేసుకుంది, నీళ్ల బకెట్ దగ్గర పెట్టుకుంది, ఒక్క అగ్గిపుల్లతో అంటించింది. నేను మేనత్తనని దానికి తెలియదు. కాలిన నా చెయ్యి నలుగురికీ కనబడుతుందని నువ్వు నన్ను శుభకార్యాలకు పిలవవు కదా.

చివర్లో పిల్లలందరికీ ఆ చెయ్యే చూపిస్తాను. ఆరీఆరని పొయ్యిలో కిరోసిన్ పోస్తే ఇలా అవుతుందంటాను. ఎవరు పోశారని అడిగితే, అమ్మ చెప్పమన్నట్టే, నేనే పోసుకున్నానని ఇన్నేళ్లూ చెప్పాను.

ఈసారి అడిగింది అశ్రిత.

"మా అన్న పోసిండు బిడ్డా. మంట లేస్తె నేనెట్ల ఎగురుతనో సూద్దామని."

"ఆయన పేరేంది ఆంటీ?"

"మధుసూదన్. అత్వెల్లిల ప్లాట్లు అమ్ముతడు."

పిల్ల మంట మీద నీళ్లు పోసి, బూడిద చల్లారిందో లేదో నేర్పినట్టే చెయ్యి దగ్గర పెట్టి చూసింది.

నిజమేనా అని నిన్ను ఇంకా అడగలేదంటే, నమ్మిందన్నమాట.

నీ చెల్లెలు