మూతకు పట్టిన చెమ్మ

సెప్టెంబర్ 9, మంగళవారం

అలమర దులిపాను. నరాయ్‌లో హైమావతి కొన్న నల్ల లక్క గిన్నె బయటపడింది. మూత కూడా ఉంది.

నేను రిటైరయ్యాక భార్యాభర్తలం ఇద్దరం కలిసి చేసిన ఒకే ఒక ఫారిన్ ట్రిప్. జపాన్ కొండల్లో, పాత రహదారి మీద సత్రాల ఊరు నరాయ్. ఒకప్పుడు కాలినడకన రాజధానికి పోయేవాళ్లు అక్కడ రాత్రికి ఆగేవారట. మేం దిగిన సత్రంలో భోజనాల దగ్గర హైమావతి చాప్‌స్టిక్స్ రెండూ అన్నంలో నిలువుగా గుచ్చి మంచినీళ్లు తాగింది. సత్రం ముసలావిడ పరుగున వచ్చి లాగేసింది. అలా గుచ్చేది చనిపోయినవాళ్ల అన్నంలోనట. హైమావతి నవ్వేసింది. తెలియక చేసినదానికి యముడు కూడా ఫైన్ వేయడులెండి అంది.

మరుసటి ఏడాది పోయింది. నేను ఇంజనీరును. రెంటికీ సంబంధం లేదు. రాసుకుంటున్నాను, అంతే.

ఆ ముసలావిడే ఇంకో ఆచారం చెప్పింది. దూరం వెళ్లిన మనిషికి ఇంట్లో రోజూ అన్నం పెట్టి మూత వేసి ఉంచుతారు. కగెజెన్ అంటారు. యుద్ధానికి పోయిన మామగారికి అత్తగారు అలాగే పెట్టేదట. మూత తీస్తే లోపల చెమ్మ ఉండాలి. ఉంటే మనిషి క్షేమం.

సెప్టెంబర్ 11

పక్కింటి నర్సింహమ్మ గోడ మీది నుంచి పలకరించింది. పెత్రమాస వస్తున్నది సారూ, పెద్దలకు పెట్టే దినం, అక్కకు ఇష్టమైనయి వండి పెట్టు, పోయినేడు ఏడాది నిండలే అన్నవు, గీసారి ఏం జెప్తవు అంది.

చూద్దామన్నాను. పెట్టను. పెడితే హైమావతి లేదని ఒప్పుకున్నట్టే.

సెప్టెంబర్ 15, ఉదయం 10

కాలనీ వాట్సాప్‌లో వీడియో. మా అమ్మాయి వల్లి పనిచేసే ఫార్మా యూనిట్‌లో డ్రయర్ పేలింది. వల్లిది పొద్దుటి షిఫ్ట్.

ఫోన్ మోగుతోంది. ఎత్తడం లేదు. అక్కడ ఫోన్లు గేటు దగ్గర లాకర్లో పెట్టి లోపలికి పోతారు. మోగుతున్నది గేటు దగ్గర. దాన్నిబట్టి ఏమీ తెలియదు.

మధ్యాహ్నం 12

నర్సింహమ్మ భర్త పెద్దరాములు బండి మీద తీసుకెళ్లాడు. పోలీసులు గేటుకు దూరంగానే ఆపారు. హిందీలో, ఒడియాలో ఏడుపులు. ఎవరిని ఏ దవాఖానకు తోలిండ్రో మాకే తెల్వదు అన్నాడు సెక్యూరిటీ అతను. పెద్దరాములు నన్ను ఆటో ఎక్కించాడు. బీపీ మనిషివి, ఇంటికి పో సారూ, దవాఖానలన్నీ నేను తిరుగుత అన్నాడు.

1 గంట

కూర్చోలేకపోయాను. లక్క గిన్నె కడిగి, పొద్దుటి అన్నం పెట్టి మూత వేశాను. వల్లి కోసం. కాసేపాగి తీశాను.

పొడి.

చల్లారిన అన్నం. ఆవిరి రాదు, చెమ్మ పట్టదు. చిన్న తరగతి పాఠం. తెలుసు. అయినా మూత లోపల వేలితో రాసి చూశాను.

2 గంటలు

మళ్లీ ఎసరు పెట్టాను. పొగలు కక్కే అన్నం గిన్నెలో పెట్టి మూత వేస్తుంటే నర్సింహమ్మ వచ్చింది. ఏంది సారూ గిది, బతికున్న పిల్లకు పెద్దలకు పెట్టినట్టు పెడ్తవా, తియ్యి, జల్దీ తియ్యి అని అరిచింది. గిన్నె లాక్కోబోయింది. వదల్లేదు. జపాన్‌లో ఇది బతికున్నవాళ్లకే పెడతారన్నాను.

మనం ఉన్నది జపాన్‌లనా అంది.

గిన్నె ఇద్దరి చేతుల్లోనూ ఉంది. పెట్టి ఉంచితే నర్సింహమ్మ అన్నది నిజమవుతుందేమో. తీసేస్తే ముసలావిడ చెప్పిన క్షేమం పోతుందేమో. మూత ఎత్తడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

3.30

పెద్దరాములు ఫోన్. దొరికింది సారూ, పొగ గొంతుకు పట్టింది, మాట్లాడుతలేదు గని కండ్లు తెరిచింది అన్నాడు. ఏడుస్తున్నాడు.

ఆటో వచ్చింది. గిన్నె అలాగే ఉంది. మూత తీయలేదు.

సెప్టెంబర్ 20

వల్లి ఇంటికొచ్చింది. గొంతు ఇంకా రాలేదు. జావ తాగింది. వీధిలో ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వేస్తే ఇద్దరం లేచి నిలబడ్డాం.

నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

సెప్టెంబర్ 21, పెత్రమాస

గుత్తివంకాయ వండాను. ఆ గిన్నెలోనే హైమావతికి పెట్టాను.

వల్లి మూత అందించింది. అమ్మకు అక్కర్లేదన్నాను.