తొమ్మిదింటికి తలుపు తట్టేవాడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫోన్లో నాకు సగం మాటే వినపడుతుంది కనుక ఉత్తరం రాస్తున్నాను. నువ్వు మా కంటి ఆస్పత్రిలో పెట్టి వెళ్ళిన లినక్స్ సర్వర్ వారం నుంచి మొరాయిస్తోంది. ఉదయం తొమ్మిది దాటగానే ‘డాక్టరు’ ఖాతా లాక్ అయిపోతుంది. కొత్త డాక్టరమ్మకు రికార్డులు తెరుచుకోవు. కళ్ళలో చుక్కలు వేయించుకున్నవాళ్ళు మధ్యాహ్నం దాకా బెంచీల మీదే ఉంటున్నారు. రికార్డుల గుమాస్తాను కాబట్టి అందరూ నన్నే గుర్రుగా చూస్తున్నారు, వాళ్ళకు కనిపించినంత మేరకు.

మామయ్య

తా.క. రూట్‌గా లోపలికి వెళ్ళమని కాగితం మీద రాసిపెట్టావు. ఏ రూట్లో వెళ్ళాలో రాయలేదు.

---

మామయ్యకు నమస్కారాలు.

రూట్ అంటే దారి కాదు, మిషన్ మొత్తానికి పెద్దదిక్కు. ఆ పేరుతో వెళ్ళి, ఎవరెవరు తలుపు తట్టారో రాసి ఉండే లాగ్ ఫైల్ చూడండి. ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఖాతా లాక్ అయ్యేలా పెట్టింది నేనే. ఎవరో బయటివాడు ప్రయత్నిస్తున్నట్టుంది. ఏ అడ్రస్ నుంచో చూసి, దాన్ని బ్లాక్ చేయండి.

మీ మేనల్లుడు

తా.క. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి.

---

చిరంజీవికి,

లాగ్ చూశాను. రోజూ సరిగ్గా తొమ్మిదింటికి మొదలుపెట్టి నలభైసార్లు కొడుతున్నాడు. ఆదివారం మాత్రం రాడు. దొంగకూ సెలవు కావాలి కాబోలు.

అడ్రస్ అన్నచోట అంకెలూ చుక్కలే ఉన్నాయి, వీధి పేరు లేదు. ఇంటర్నెట్ ఆఫీసుకు వెళ్ళి అడిగాను. ఆ కనెక్షన్ మా ఆస్పత్రి పేరు మీదే ఉందట, ఇంటి నంబరు రాసిచ్చారు. సోమవారం కాపలాదారును వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ ఇంటిని బ్లాక్ చేస్తాను.

మామయ్య

తా.క. నువ్వు మీ అత్తయ్యకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగావట. ఎవరికీ చెప్పొద్దన్నావు కదా, నీకూ చెప్పలేదు.

---

మామయ్యా,

దయచేసి ఎవరింటికీ వెళ్ళకండి. అడ్రస్ అంటే ఇల్లు కాదు. ఈ ఉత్తరంతో పెట్టిన చీటీలోని ఒక్క కమాండ్ కొడితే చాలు, మిషన్‌కు కాపలా గోడలాంటి ఫైర్‌వాల్ అతన్ని ఆపేస్తుంది.

మీ మేనల్లుడు

తా.క. కాపలాదారును ఆస్పత్రి దగ్గరే ఉండనివ్వండి.

---

నాయనా,

నీ ఉత్తరం నేను వెళ్ళొచ్చాక అందింది.

తలుపు తీసింది, రెండేళ్ళ కిందట రిటైరైన మా పెద్ద డాక్టరుగారి భార్య. ఆయన తెల్లకోటు వేసుకుని, కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. ‘డాక్టరు’ ఖాతా మొదట ఆయనదే కదా, ఆయన వెళ్ళాకే పాస్‌వర్డ్ మార్చాం. ఆ ఇంటర్నెట్ కనెక్షన్ కూడా ఆయన ఉద్యోగంలో ఉండగా ఆస్పత్రి పెట్టించిందే. మతిమరుపు ముదిరి, ఈమధ్య రిటైరైన సంగతే మరిచిపోయారని ఆమె మెల్లగా చెప్పారు.

నన్ను చూసి ఆయన, “వచ్చావా. ఇది తెరుచుకోవడం లేదయ్యా. బయట ఎంతమంది కూర్చున్నారు?” అన్నారు.

కాపలాదారు తల దించుకున్నాడు. “పన్నెండు మందండీ” అన్నాను నేను.

నీ కమాండ్ కొట్టాను. డాక్టరమ్మకు రికార్డులు తెరుచుకుంటున్నాయి. కానీ ఆయన ముఖం మీద తలుపు వేసినట్టుంది నాకు. ఒక పాత కంప్యూటరు ఆయన కోసం సిద్ధం చెయ్యి. దానికి ఆస్పత్రి నెట్‌వర్క్‌తో సంబంధం ఉండకూడదు, నిజమైన రికార్డు ఒక్కటీ ఉండకూడదు. ఏ పాస్‌వర్డ్ కొట్టినా తెరుచుకోవాలి.

మామయ్య

తా.క. అందులో పేషెంట్ల జాబితాలో మొదటి పేరు నాదే రాయి. నా కుడికంటి శుక్లం తీసింది ఆయనే.